తుప్పును, పాత రంగును తొలగించే యంత్రాల ఎంపిక

(ఓడల మరమ్మతు, వంతెనల నిర్వహణ, వ్యాగన్ వర్క్‌షాపులలో పనిచేయు కార్మికుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన ఒప్పందాలు, బోనసు, కంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ - ఇటువంటి సమస్యలపై మన తరగతులలో తరచుగా చర్చ జరుగుతున్నది. ఈ పూట తుప్పు గీకే యంత్రాలను గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి సందేహం కలిగియుండవచ్చును. కాని ఈ రోజు మన చేతికి ఏ యంత్రం ఇస్తారో దానిని బట్టియే, పది పదిహేనేళ్ల తరువాత ఆ చేతివేళ్లు చొక్కా గుండీ పెట్టుకోగలవా లేదా అనేది నిర్ణయమవుతున్నది. ఆ యంత్రాన్ని ఎంచుకునేది స్టోర్సు విభాగం. పట్టుకొని పనిచేసేది కార్మికుడు. రంగు ఒక్క వర్షాకాలానికే పెచ్చులుగా ఊడివచ్చినప్పుడు నేరం మోపబడేది కూడా కార్మికుని పైననే. కనుక ఈ విషయం మన సంఘానికి సంబంధించినదే.

మొదట మనం తొలగించవలసినదేమిటో తేల్చుకోవాలి. ఇనుముపై కనిపించే మురికి అంతా ఒకే జాతిది కాదు. వేలితో రాస్తే రాలే ఎర్రని తుప్పు ఒకటి. పొరలుపొరలుగా గట్టిపడి, సుత్తితో కొడితేగాని ఊడని తుప్పు మరొకటి. కొత్త ప్లేటుపై నీలి నలుపు రంగులో మెరుస్తూ ఉండే మిల్లు స్కేలు మూడవది. ఇది ఉక్కును వేడిగా సాగదీసినప్పుడు ఏర్పడే ఆక్సైడు పొర. చూడడానికి ఇది రక్షణ కవచంవలె ఉంటుంది గాని, పగిలిన చోట కింది ఉక్కునే తినివేయిస్తుంది. ఏలననగా విద్యుత్ రసాయన చర్యలో స్కేలు కంటె ఉక్కు బలహీనమైనది. చివరిది పాత రంగు. అది పలుచని ఎనామెలా, మందపాటి ఎపాక్సీయా, కింద సిందూరపు ప్రైమరు ఉన్నదా అనేదానిపై పని స్వభావమే మారిపోతుంది. ఇన్నింటికీ ఒకే గ్రైండరు, ఒకే బ్రష్షు ఇచ్చి పంపే మేస్త్రీలు మనకందరికీ పరిచితులే.

గ్రైండరుకు తగిలించే ఉక్కు తీగల కప్పు బ్రష్షు అన్ని చోట్లా కనిపిస్తున్నది. చవక, సులభం. పొడిగా రాలే తుప్పుకు, వెల్డింగు అంచులకు ఇది పనికివస్తుంది. కాని గట్టి తుప్పుపై దీనిని అదిమి తిప్పితే జరిగేదేమిటి? తుప్పు పోదు, మెరుగు పెట్టబడుతుంది. అద్దంవలె నల్లగా నిగనిగలాడే ఆ ఉపరితలాన్ని చూసి సూపర్‌వైజరు సంతోషిస్తాడు. రంగుకు పట్టు దొరకదు. చదరపు మీటరుకింత అని రేటు కట్టిన చోట పని త్వరగా ముగించడానికి ఇదే మార్గమవుతున్నది. తరువాత రంగు ఊడినప్పుడు ఆ రేటు కట్టినవారిని అడిగేవారుండరు. పైగా బ్రష్షు నుండి తెగిన తీగలు సూదులవలె ఎగిరివస్తాయి. మామూలు కళ్లద్దాలు చాలవు. కళ్ల చుట్టూ మూసుకొనే గాగుల్సు, దానిపై ముఖకవచం రెండూ కావాలి. మెలిపెట్టి ముడివేసిన తీగల బ్రష్షు గట్టి తుప్పుకు, వంకీల తీగల బ్రష్షు పలుచని పనికి తగినవి. స్టెయిన్‌లెస్ ఉక్కుపై మామూలు ఇనుప తీగ బ్రష్షు వాడరాదు. ఇనుము రేణువులు అంటుకొని అక్కడ కొత్త తుప్పు పుడుతుంది.

గట్టి రంగునూ, తుప్పునూ కోసివేయగలది ఫ్లాప్ డిస్కు. ఎమెరీ గుడ్డ ముక్కలను రేకులవలె పేర్చిన ఈ డిస్కు దళసరి ప్లేటుపై, అంచులపై చక్కగా పనిచేస్తుంది. అయితే అది తుప్పుకూ లోహానికీ తేడా ఎరుగదు. పలుచని బోగీ రేకుపై ఒకేచోట నిలిపితే రేకు వేడెక్కి అలలుగా వంగిపోతుంది. అటువంటి చోట నల్లని నైలాన్ పీచులో సిలికాన్ కార్బైడు రేణువులు పొదిగిన స్ట్రిప్ డిస్కు మేలు. అది రంగును ఊడదీస్తుంది, లోహాన్ని పెద్దగా కోయదు, రంగు కరిగి మూసుకుపోదు. త్వరగా అరిగిపోతుందనీ, ధర ఎక్కువనీ కొనుగోలు విభాగం అభ్యంతరం చెబుతుంది. డిస్కు ధరతోపాటు, చెడిన రేకు ధరనూ, మరల చేసిన పని గంటలనూ లెక్కించమని మనం అడగాలి.

వేగం విషయంలో కొంతసేపు ఆగక తప్పదు. ఏలననగా ప్రాణాలు పోయేది ఇక్కడనే. 100 మిల్లీమీటర్ల గ్రైండరు సుమారుగా నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. అప్పుడు డిస్కు అంచు సెకనుకు 57 మీటర్లకు పైగా, అనగా గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెడుతుంది. రెసిన్‌తో చేసిన డిస్కులకు సాధారణంగా అనుమతించిన అంచు వేగం సెకనుకు 80 మీటర్లు. ఇప్పుడు గార్డు ఊడదీసి, అదే యంత్రానికి 180 మిల్లీమీటర్ల డిస్కు బిగిస్తే? అంచు వేగం సెకనుకు 103 మీటర్లు దాటుతుంది. ఆ డిస్కు ఏ క్షణంలో ముక్కలవుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద డిస్కు అయితే పని త్వరగా అవుతుందని ఈ విధంగా బిగించిన యంత్రాలను మేము ఒకటి కంటె ఎక్కువ చోట్ల చూశాము. వాటిలో గార్డు ఎక్కడున్నదని అడిగితే స్టోర్సులో ఉన్నదని సమాధానం వచ్చినది. డిస్కుపై ముద్రించిన గరిష్ఠ చుట్ల సంఖ్య యంత్రంపై ఉన్న సంఖ్య కంటె తక్కువ కాకూడదు. ఇది తీగ బ్రష్షుకు కూడా వర్తిస్తుంది. రెసిన్ డిస్కు మధ్యనున్న లోహపు రింగుపై గడువు తేదీ ఉంటుంది. తేమలో పడియున్న, గడువు తీరిన డిస్కును విరిచి పారవేయాలి. పక్క పిడి లేని గ్రైండరును, నొక్కి వదిలినా ఆగక తిరిగే మీటగల గ్రైండరును వీలయినంతవరకు తిరస్కరించాలి. చేయి వదలగానే ఆగే స్విచ్చు ఉన్నవి నేడు బజారులో దొరుకుతున్నాయి.

రివెట్ల చుట్టూ, బోల్టు తలల సందులలో, మూలలలో గుండ్రని డిస్కు దూరదు. అక్కడ నీడిల్ గన్ను కావలసివస్తుంది. గాలి ఒత్తిడితో కదిలే పిస్టను ఒక కట్ట ఉక్కు సూదులను వేగంగా కొడుతుంది. ప్రతి సూదీ గుంటల లోతును బట్టి తనంతట తాను సర్దుకుంటుంది. పొరల తుప్పుకు, మందపు పాత రంగుకు ఇంతకు మించిన చేతి యంత్రం లేదనే మా అభిప్రాయం. పాత రివెట్ల వంతెనలపై పనిచేసినవారికి దీని విలువ తెలుసును. ఇది ఇనుమును కొంత గరుకుగా కూడా చేస్తుంది గనుక రంగుకు పట్టు దొరుకుతుంది. పలుచని రేకుపై మాత్రం వాడరాదు, సొట్టలు పడుతుంది.

కాని దీని ప్రకంపనం మాట చెప్పుకోవాలి. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలో గాలి సుత్తులు వాడే రాతి పనివారిని పరీక్షించి, వారి వేళ్లు రక్తం లేక తెల్లబడిపోవుటకు ఆ సుత్తులే కారణమని నివేదించినది. శతాబ్దం గడచినా మన వర్క్‌షాపులలో దీనికి పేరు కూడ లేదు. చలిదేశాలలో వేళ్లు తెల్లబడుట స్పష్టంగా కనబడుతుంది. మన వేడి ప్రాంతాలలో ముందుగా తిమ్మిరి, స్పర్శ తగ్గుట, పట్టు సడలుట కనిపిస్తాయి. దీనిని వాతమనుకొని నూనె రాసుకొనేవారే ఎక్కువ. ప్రకంపనాన్ని సెకను వర్గానికి మీటర్లలో కొలుస్తారు. 2002 నాటి ఐరోపా ఆదేశం ప్రకారం ఎనిమిది గంటల పనికి 2.5 వద్ద యాజమాన్యం చర్య తీసుకోవాలి, 5 దాటరాదు. బ్రిటిష్ భద్రతా శాఖ ఇచ్చిన లెక్కల ప్రకారం కొత్త రకపు నీడిల్ గన్నులలో ఇది 5 నుండి 7 వరకు, పాతవాటిలో 10 నుండి 25 వరకు ఉంటుంది. ఈ తేడా చిన్నది కాదు, ఏలననగా ప్రకంపనం రెట్టింపయితే అనుమతించిన కాలం నాలుగవ వంతుకు పడిపోతుంది. 7 ఉన్న యంత్రంతో రోజుకు నాలుగు గంటలు పనిచేస్తే ఆ హద్దు వస్తుంది. 20 ఉన్న యంత్రంతో అరగంటలోనే వస్తుంది. ఇవి మీట నొక్కి పట్టిన గంటలు, షిఫ్టు గంటలు కావు. కావున టెండరు పత్రంలో ధర పక్కన ప్రకంపనం అంకె కూడ ఉండాలని మనం పట్టుపట్టవలసియున్నది. దానితోపాటు ఒకే మనిషిని రోజంతా ఒకే యంత్రంపై నిలపక, పని మార్చే పద్ధతిని సాధించాలి. చెవుల విషయం వేరుగా చెప్పనక్కరలేదు. ఇనుప గదిలో నీడిల్ గన్ను మోత నూరు డెసిబెళ్లు దాటుతుంది.

విద్యుత్తా, గాలియా? ఆరుబయట, పొడి నేలపై విద్యుత్ గ్రైండరు చాలును. రెండు పొరల ఇన్సులేషను గుర్తు, అనగా చతురస్రంలో చతురస్రం, దానిపై ఉన్నదా అని చూడాలి, సరఫరాలో 30 మిల్లీ ఆంపియర్ల వద్ద తెగే బ్రేకరు ఉండాలి. ఓడ బల్లాస్టు ట్యాంకులో, బాయిలరులో, తడి ఇనుము మధ్య చెమటోడ్చుతూ పనిచేసే మనిషి చేతిలో 230 వోల్టుల యంత్రం పెట్టుట నేరమనే అనాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1976లో చేర్చిన 36-ఎ సెక్షను, ట్యాంకుల వంటి ఇరుకు స్థలాలలో తగిన రక్షణ ఏర్పాటు లేనిదే 24 వోల్టులకు మించిన పరికరాన్ని నిషేధించినది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. చట్టం పేరు మారినంతమాత్రాన తడి ఇనుములో విద్యుత్ ప్రవాహం మారదు. ఆ స్థలాలకు గాలితో నడిచే యంత్రాలు తగినవి; అయితే గాలి మారే ఏర్పాటు, బయట కాపలా మనిషి లేకుండ అవికూడ పనికిరావు.

ఇక సీసం. పాత వంతెనలు, ఓడలు, వ్యాగన్లపై అడుగున కనబడే నారింజ ఎరుపు పొర చాలా తరచుగా రెడ్ లెడ్, అనగా సీసపు ఆక్సైడు. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని 2016లో నియమాలు వచ్చి 2017 నవంబరు నుండి అమలయినవి. అవి పారిశ్రామిక రంగులకు వర్తించవు. అటువంటి పొరపై పొడి గ్రైండరు పెట్టితే సీసం పొగవంటి సన్నని ధూళిగా లేస్తుంది. హీట్ గన్నుతో మరీ కాల్చినా, గ్యాసు మంట పెట్టినా సీసపు పొగయే వస్తుంది. కడుపు నొప్పి, మలబద్ధకం, రక్తహీనత, మణికట్టు వాలిపోవుట దీని లక్షణాలు. సీసపు విషప్రభావం పాత ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులో మొట్టమొదటి వ్యాధిగా ఉండేది. ఇక్కడ ఎంచుకోవలసినది వేగమైన యంత్రాన్ని కాదు, తక్కువ ధూళి లేపే యంత్రాన్ని: సన్నని ధూళిని ఆపగల ఫిల్టరున్న వాక్యూము అమర్చిన నీడిల్ గన్ను లేదా శాండరు, లేక తడిపి గీకే చేతి స్క్రాపరు. ముఖానికి చుట్టుకొనే తువ్వాలు సీసాన్ని ఆపదు. పని బట్టలతో ఇంటికి వెళ్లితే ఆ ధూళి పిల్లల పడకపైకి చేరుతుంది. అందువలన బట్టలు ఉతికే ఏర్పాటు, టీ బీడీలకు ముందు చేతులు కడుక్కొనే నీరు, రక్తపరీక్ష - ఇవి యంత్రంతోపాటు అడగవలసినవి. పని మొదలు కాకముందే పాత రంగు ముక్కను పరీక్షకు పంపమని వ్రాతపూర్వకంగా కోరండి.

బ్లాస్టింగుతో పోల్చి ఒక మాట. పెద్ద విస్తీర్ణానికి, గట్టి మిల్లు స్కేలుకు చేతి యంత్రం సరిపోదు. 1967 నాటి స్వీడిష్ ప్రమాణం నుండి 1988లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన కొలతలో చేతి యంత్రాల శుభ్రత ఎస్‌టి 2, ఎస్‌టి 3 అని ఉంటుంది, బ్లాస్టింగుది ఎస్‌ఎ తరగతులు. ఎస్‌ఎ రెండున్నర ఒప్పుకొని, కార్మికునికి తీగ బ్రష్షు ఇచ్చి, దాని ఫలితం రాలేదని బిల్లు కోసే కంట్రాక్టర్లున్నారు. ఒప్పందంలో ఏ తరగతి వ్రాసియున్నదో ముందే చదవాలి. అయితే బ్లాస్టింగుకు నది ఇసుక వాడితే సిలికోసిస్ తప్పదు. బ్రిటన్ 1949 నాటి నిబంధనలతోనే ఇసుకను తొలగించినది. గార్నెట్, ఉక్కు గ్రిట్ వంటివి ఉండగా ఇసుక వాడుటకు సాకు లేదు. ముళ్ల బెల్టుతో బ్లాస్టింగు వంటి గరుకుదనం ఇచ్చే చేతి యంత్రాలు కూడ వచ్చినవి. చిన్న మరమ్మతులకు మంచివే, బెల్టులు మాత్రం ఖరీదు.

చివరగా సముద్ర తీరపు పనివారికి. విశాఖపట్టణం, పారాదీప్ వంటి చోట్ల ఎంత మంచి యంత్రమైనా గుంటల అడుగున ఉన్న ఉప్పును తీయలేదు. సాయంత్రం తెల్లగా మెరిసిన ఉక్కుపై ఉదయానికి నల్లని తడి చుక్కలు లేస్తే అది ఉప్పే. మొదట గ్రీజు తుడిచి, మంచినీటితో కడిగి, ఆరిన తరువాత యంత్రం పెట్టాలి. చుక్కలు లేస్తే మరల కడిగి మరల గీకాలి. గ్రీజు ఉండగా బ్రష్షు పెట్టితే దానిని అంతటా పులిమినట్లే అవుతుంది. ప్రైమరు ఆ పూటనే, ఉక్కు ఉష్ణోగ్రత మంచు బిందువు కంటె కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉన్నప్పుడే వేయాలి. ఈ కడుగుడుకూ, ఆరుటకూ పట్టే గంటలు చదరపు మీటరు రేటులో చేర్చబడలేదు. వచ్చే రేటు చర్చలకు వెళ్లే మీ ప్రతినిధులు ఆ గంటలను మీ వర్క్‌షాపులలో ఇప్పటినుండి రోజువారీగా వ్రాసి పెట్టుకొనవలసినదిగా కోరుతున్నాము.