బీరువాలో పది ట్యాబ్‌లెట్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘కృత్రిమ మేధ, రేపటి బడి’. హైటెక్ సిటీలో పనిచేసేవాడు గనక ఇలాంటిదే మాట్లాడతాడని అనుకున్నారు కాబోలు. వాళ్ల అనుమతితోనే కొంచెం పక్కకు వెళుతున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల గురించి, వాళ్లకు మనం అందించామనుకునే సాంకేతిక సాయం గురించి చెబుతాను. ఇందులో నా తప్పు ఒకటుంది. అది ముందు చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చుపెట్టాలి. మేమూ పెట్టాం. కొన్నేళ్ల కిందట మా ఆఫీసు తరఫున నగర శివార్లలోని ఒక ప్రత్యేక పాఠశాలకు పది ట్యాబ్‌లెట్లు ఇచ్చాం. ఎంపిక చేసింది నేనే. ధర, బ్యాటరీ, తెర సైజు అన్నీ ఎక్సెల్ షీటులో వేసి మరీ ఎంచాను. రిబ్బను కత్తిరించి, శాలువాలు కప్పించుకుని, పిల్లలతో ఫొటో దిగి వచ్చాం. ఆ ఫొటో మా లిఫ్టు పక్క గోడ మీద చాలాకాలం ఉంది.

ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద అటు వెళ్లినప్పుడు ట్యాబ్‌లెట్లు ఎలా పనిచేస్తున్నాయని అడిగాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మాట్లాడకుండా బీరువా తెరిచారు. పదీ ఉన్నాయి. రెండింటికి పై ప్లాస్టిక్ కూడా తీయలేదు.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు? “ఇంత ఖర్చుపెట్టి ఇస్తే వాడనే లేదా?” అని గొంతు పెంచాను. అక్కడే ఉన్న ఒక టీచరు “కూర్చోండి సార్, టీ తెప్పిస్తాను” అని మొదలుపెట్టి, టీ చల్లారేలోపు నా ఎక్సెల్ షీటు మొత్తం చింపేశారు.

ఆవిడ చెప్పింది ఇది. ఆ పదీ స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాయి. ఒకటి పగిలితే ఎవరు కట్టాలి? తన జీతం ఎంతో నాకు తెలుసా? పాస్‌వర్డు మా ఆఫీసు కుర్రాడి దగ్గర ఉంది, అతను ఉద్యోగం మారిపోయాడు. అందులో వేసిచ్చిన ఆటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పాప తెర ముట్టుకుంటే ఒక వేలు కాదు, అరచెయ్యంతా పడుతుంది. దానికి తెర ఎటో వెళ్లిపోతుంది, పాప ఏడుస్తుంది. ఆటిజం ఉన్న బాబుకు పెద్ద శబ్దం పడదు. జవాబు సరిగ్గా చెబితే చాలు, మా ఆట చప్పట్లు కొడుతుంది. వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరతాడు. సరైన జవాబు చెప్పినందుకు!

“కొనేముందు మమ్మల్ని ఒక్కమాట అడగాల్సింది సార్” అన్నారావిడ. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

ఆ రాత్రి ఇంటికెళ్లి నా ఫోన్‌లో ‘యాక్సెసిబిలిటీ’ అనే సెట్టింగు మొదటిసారి తెరిచాను. 1998లో సైబర్ టవర్స్ మొదలైన రోజుల నుంచి ఈ రంగంలో ఉన్నవాణ్ణి. మొదటిసారి! వేలు ఎంతసేపు ఆనితే నొక్కినట్టు లెక్కించాలో అందులో మార్చుకోవచ్చు. అక్షరాలు పెంచుకోవచ్చు. తెర మీద ఉన్నది చదివించుకోవచ్చు. శబ్దాన్ని తగ్గించడానికైతే ఆ మెనూ కూడా అక్కర్లేదు, ఎవరో ఒకరికి తోచాలి అంతే.

మర్నాటి నుంచి చాలాసార్లు ఆ బడికి వెళ్లాను. మూడోసారో నాలుగోసారో ఆ టీచరు “ట్యాబ్‌ల సంగతి ఉండనివ్వండి, మా తెలుగు మేడమ్ కంప్యూటరు ఒకసారి చూడండి” అన్నారు. తెలుగు మేడమ్‌కు చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాము వాడతారు. దాని కథ కొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే యువకుడు 2006లో దాన్ని రాయడం మొదలుపెట్టాడు. అతనికీ చూపు లేదు. కంప్యూటరు ఖరీదు ఒక ఎత్తు, దాన్ని మాట్లాడించే ప్రోగ్రాము ఖరీదు మరో ఎత్తు అయిన రోజుల్లో అతను దాన్ని ఉచితంగా ఇచ్చాడు. ఇప్పటికీ ఉచితమే. దానితోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. కాస్త ఇనుపగొంతు, నిజమే. అలవాటైన చెవికి అదే మేలు, ఎంత వేగం పెంచినా మాట విడివిడిగా వినిపిస్తుందట.

ఆవిడ సమస్య ఏమిటంటే, పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిస్తే ఆ ప్రోగ్రాము తెలుగు చదవడం లేదు. ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గొణుగుతోంది. నేను తెర చూశాను. చక్కటి తెలుగు కనిపిస్తోంది. కంటికి తెలుగు, చెవికి చెత్త.

మనలో డీటీపీ తెలిసినవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అనేది ఒక బొమ్మ మాత్రమే. ఫైలు లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే, వాటి మీద తెలుగు ఆకారం తొడుగుతారు. చూపున్నవాడికి తేడా తెలియదు. యూనికోడ్‌లో అలా కాదు. అందులో తెలుగుకు తన సొంత స్థానాలున్నాయి. ‘క’ అంటే 3093వ సంఖ్య, ఏ ఫాంటు తొడిగినా, ప్రపంచంలో ఏ కంప్యూటరులోనైనా అది ‘క’యే. చదివే ప్రోగ్రాము ఆ సంఖ్యను చూస్తుంది, ఆకారాన్ని కాదు. అంటే పుస్తకం అందంగా అచ్చయింది, పిల్లలందరికీ చేరింది, ఒక టీచరుకూ ఆవిడలాంటి పిల్లలకూ తప్ప.

ఇది నా పని. పది ట్యాబ్‌లెట్లు కొనడం నా పని కాదు, ఇది నా పని. ఇద్దరు కుర్ర ఇంజనీర్లు తోడు వచ్చారు. పాత ఫాంటులోంచి యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ముందే ఉన్నాయి, వాటిని ఈ పుస్తకాలకు సరిపడేలా సరిచేయాలి. రెండు వారాల్లో అయిపోతుందనుకున్నాం. పాత ఫాంట్లలో గుణింతం ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆ ముక్కలు సరైన అక్షరానికి చేరాలి. మా మొదటి ప్రయత్నం విని తెలుగు మేడమ్ ఫోన్ చేశారు. “సార్, మీ కంప్యూటరు పుస్తకాన్ని పుసక్తం అంటోంది.” వత్తు ఒక అక్షరం అవతలికి జరిగిందన్నమాట. మేం ముగ్గురం కళ్లతో పట్టుకోలేని తప్పులు ఆవిడ చెవితో పట్టారు. ఆర్నెల్లు, ప్రతి శనివారం. ఇప్పటికి నాలుగు పుస్తకాలు పూర్తయ్యాయి.

ఈ టీచర్లు ఎవరు, ఎంతమంది అన్నది మనలో చాలామందికి తెలియదు. 1992 చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదైతేనే ప్రత్యేక విద్యా బోధకులుగా పనిచేయాలి. 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వాటిలో పనిచేసే ఐఈఆర్‌పీలు ఒప్పంద ఉద్యోగులు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వీళ్లే వెళతారు. మంచం పక్కన కూర్చుని, చెంచా పట్టుకోవడం, బొత్తాం పెట్టుకోవడం నేర్పడమూ వాళ్ల లెక్కలో పాఠమే. ఈ పనికి శిక్షణ, పరిశోధన కోసం 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థే ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. ఇన్నేళ్లు ఇదే నగరంలో ఉండి, ఆ గేటు ముందునుంచి వెళ్తూ కూడా అది ఏమిటో నేను కనుక్కోలేదు.

వాళ్లకు పనికొచ్చేవి ఏమిటని మీరు అడగొచ్చు. ఆ బడిలో నేను చూసినవే చెబుతాను. మనం మాట్లాడితే తెర మీద అక్షరాలుగా చూపించే గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగు కూడా రాస్తుంది, డబ్బు అక్కర్లేదు. వినికిడి తక్కువున్న పిల్లాడి నాన్న ఆటో నడుపుతాడు. కొడుక్కి క్రికెట్ స్కోరు ఫోన్‌లో మాట్లాడి చూపిస్తాడు. మాట రాని పిల్లలు చూపించి అడగడానికి బొమ్మలు కావాలి. స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రభుత్వం వారి అరసాక్ బొమ్మలు వేల సంఖ్యలో ఉచితంగా దొరుకుతాయి. ఆ టీచరు వాటిలో ముప్పై ముద్రించి, అట్టకు అతికించి, తాడు కట్టి పాప మెడలో వేశారు. స్పెయిన్ బొమ్మల్లో మన పప్పన్నం లేదు, అది మాత్రం ఆవిడే గీశారు. పెన్సిలు పట్టు జారకుండా సైకిల్ ట్యూబు ముక్క తొడిగారు. నా లెక్కలో అదీ టెక్నాలజీయే, పైగా దానికి చార్జింగ్ అక్కర్లేదు.

శ్రీకాంత్ బొల్లా పేరు మీరు విన్నారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టి, హైదరాబాద్ దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివి, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లినవాడు. తర్వాత బొల్లాంట్ పరిశ్రమలు పెట్టాడు. 2024లో సినిమా కూడా వచ్చింది. ఇంటర్‌లో సైన్సు చదవడానికి ఆయన కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. సరే, అనుమతి వచ్చింది, కానీ చదవడానికి పుస్తకం? ఒక టీచరు పాఠాలన్నీ తన గొంతుతో రికార్డు చేసి ఇచ్చారు. సినిమా హాల్లో మా వాళ్లంతా ఎంఐటీ దగ్గర చప్పట్లు కొట్టారు. నేను మాత్రం రాత్రుళ్లు రికార్డరు ముందు కూర్చుని భౌతికశాస్త్రం చదివిన మనిషి గొంతు ఎంత ఎండిపోయి ఉంటుందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఇక మన బడి సంగతి. ఏడో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు ఒకడున్నాడు. చెప్పమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. వాడికి అక్షరాలు తలకిందులయ్యేవి. ‘న’ను ‘స’ అని, ‘ప’ను ‘వ’ అని చదివేవాడు. క్లాసులో లేపి చదివిస్తే మేమంతా నవ్వేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను, ఎందుకంటే తర్వాత చదవాల్సింది నేనే, బాగా చదివి మెప్పు పొందాల్సిందీ నేనే. మాస్టార్లను ఏమీ అనను. అరవైమంది పిల్లలు, డిస్లెక్సియా అనే మాటే ఎవరికీ తెలియని కాలం. 1995 చట్టంలోనే ఆ మాట లేదు, 2016లో గానీ చేరలేదు. ఎనిమిదో తరగతి సగంలో వాడు బడి మానేశాడు. వాడి పుస్తకాలు నాకే ఇచ్చి వెళ్లాడు. కొత్తవిగానే ఉన్నాయి.

ఇప్పుడు వాడికి మన ఊళ్లో సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. బీరువాలో పడివున్న ట్యాబ్‌లెట్లలో నాలుగింటి బ్యాటరీలు ఉబ్బిపోతే, హైటెక్ సిటీ నుంచి బస్సులో వాడి దగ్గరికే తెచ్చాను. బ్యాటరీలు మార్చాడు. డబ్బు తీసుకోలేదు. పరీక్షించడానికి ఒకటి ఆన్ చేసి, మేం మార్చిన తెలుగు పుస్తకం తెరిచి వినిపించాను. చదివే వాక్యం కింద పసుపు రంగు కదులుతూ వెళ్తుంది. వాడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, దుకాణం ముందు ఇద్దరు గిరాకీలు నిలబడి ఉండగా, ఒక పాఠం మొత్తం విన్నాడు. తర్వాత “ఒరేయ్, ఇంకోసారి పెట్టు, ఈసారి మెల్లగా” అన్నాడు.

నేను మిమ్మల్ని చందా అడగడం లేదు. కోశాధికారి గారు కంగారుపడకండి. మన సంఘంలో ఇంజనీర్లున్నారు, బ్యాంకు వాళ్లున్నారు, రిటైరైన టీచర్లున్నారు. బయట బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాను. నెలకు ఒక శనివారం ఇవ్వగలిగినవాళ్లు పేరు, ఫోన్ నెంబరు రాయండి. పుస్తకాల్లో తప్పులు వినిపెట్టాలి, మంచి గొంతున్నవాళ్లు పాఠాలు చదివి రికార్డు చేయాలి, అట్టలు కత్తిరించాలి. అన్నిటికంటే ముందు, టీచరు ఫోన్ చేసి “సార్, ఇది తెరుచుకోవడం లేదు” అంటే విసుక్కోకుండా ఎత్తేవాళ్లు కావాలి. పగిలితే ఎవరూ కట్టనక్కర్లేదని ఒక కాగితం మీద రాసి మా కంపెనీ చేత సంతకం పెట్టించాను. ఆ ఒక్క కాగితం తర్వాతే ట్యాబ్‌లెట్లు బీరువాలోంచి బయటికి వచ్చాయి.

నాలుగింటిలో మూడు తిరిగి బడికి చేరాయి. నాలుగోదాని గురించి అడిగితే మన మిత్రుడు, “దాంట్లో ఇంకా ఏదో ప్రాబ్లం ఉందిరా, వచ్చే నెల తీసుకెళ్లు” అంటున్నాడు. మూడు నెలలుగా అదే మాట. నేనూ గట్టిగా అడగడం లేదు. హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పాను. స్టాక్ రిజిస్టర్‌లో ‘మరమ్మతులో ఉంది’ అని రాసుకున్నారు.