కుడితికుండయు వంటయింటి తూమును



వంటయింటి తూమును గూర్చి రేడియోలో ముచ్చటించుటకు ఒక ముసలి పండితుడు కావలసివచ్చెనా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు. ఏండ్లతరబడి బడిపిల్లలకు సంధులును సమాసములును చెప్పినవానికి ఒక యలవాటు మిగిలిపోవును: ఏది దేనితో కలిసిన నేమగునో విచారించుట. ఇంటిలోని సింకునకును ఊరిబయటి వాగునకును గల సంధి యెట్టిదో విచారించుటయే నేటి నా పని.

చేవెళ్లయు మొయినాబాదును హైదరాబాదునకు పడమటిదిక్కున, వికారాబాదునకు పోవు త్రోవలో నున్న యూళ్లు. కూరగాయలకును పూలతోటలకును పేరుపడిన నేల యిది. ఇటీవలనే యీ రెండూళ్లును పురపాలకసంఘములైనవి. పెంకుటిండ్లు మేడలగుచున్నవి, మేడమేడకును సింకులు వెలయుచున్నవి. తప్పులేదు. అయితే యీ నేలకు ఒక ప్రత్యేకమైన భారమున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన సంగతి మీరెరుగుదురు. ఆ పిమ్మట మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి, మూసీమీద గండిపేటయొద్ద ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరద నాపుటకు తలపెట్టినవే నగరము దాహము తీర్చు చెరువులును అయినవి. గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోడని లోకులనుకొను మాట కలదు. ఆ రెండు సాగరములకు నడుమ మొయినాబాదున్నది. వానికి ఎగువన చేవెళ్ల యున్నది. మన ముంగిట పడిన వాన వారి కడవలలోనికి పోవును.

ఈ కారణముచేతనే 1996 మార్చి 8వ తేదీని నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ సంఖ్యగల యుత్తరువును వెలువరించి, జలాశయములకు పదికిలోమీటర్ల పర్యంతము, 84 గ్రామములలో, కల్మషము కలిగించు కర్మాగారములను పెద్దపెద్ద కట్టడములను నిషేధించెను. శంషాబాదు ప్రాంతమున ఆముదమునుండి పదార్థములు చేయు కర్మాగారమొకటి తలపెట్టబడగా, ఆ వివాదము సుప్రీముకోర్టు దాక పోయి, 1999లోను 2000లోను తీర్పులు వెలువడి, తుదకు దానికి అనుమతి లేకపోయెను. 2022 ఏప్రిలులో వచ్చిన 69వ సంఖ్య యుత్తరువు పూర్వపు నిర్బంధములను సడలించుచు, సాగరముల నీరు చెడరాదను నియమమును మాత్రము నిలిపినది. ఈ యుత్తరువుల మంచిచెడ్డలను గూర్చి వాదించుటకు సమర్థులు వేరే యున్నారు. నాకు తోచినది చిన్నమాట. కర్మాగారపు నూనెను గూర్చి విచారించుటకు దేశపు అత్యున్నత న్యాయస్థానము కూర్చుండెను. మన మూకుడులోని నూనెను విచారించుటకు వంటచేయువారి చేయి తప్ప వేరొక న్యాయస్థానము లేదు.

సింకులో పోసినది ఎక్కడికి పోవును? మహానగరమున నుండువారు, భూగర్భమున మురుగుకాలువ యున్నదనియు, దాని చివర శుద్ధిచేయు కేంద్రమున్నదనియు కొంత ధైర్యపడవచ్చును. మన యూళ్లలో పెక్కిండ్ల నీరు పెరటిలోని సెప్టికుట్యాంకునకు గాని, వీధిమోరికి గాని పోవును. ట్యాంకులోనిది ఇంకుడుగుంతద్వారా నేలలోనికి దిగును. ఆ నేలలోనే మన బోరుబావియు నున్నది. మోరిలోనిది పల్లమునకు పారి, కుంటలోనో వాగులోనో కలియును. వాగునకు సాగరముదప్ప వేరు గమ్యమున్నదా?

మా చిన్ననాడు ఇంట సింకు లేదు. జాలారి యుండెడిది, జాలారి ప్రక్కన కుడితికుండ యుండెడిది. బియ్యము కడిగిన కడుగు, అన్నము వార్చిన గంజి, పప్పు కడిగిన నీరు, సొరకాయ చెక్కు, పళ్లెములలో మిగిలిన మెతుకులు, అన్నియు దానిలోనికే. మాపటివేళ గుప్పెడు తవుడో తెలగపిండియో కలిపి బర్రెకు పెట్టెడివారు. కుడితి యనుమాట కుడుచు అను క్రియకు చుట్టము. పశువు కుడుచునది కుడితి. ఆ కుండలో పడిన యెలుక మనకొక సామెతను గూడ నిచ్చిపోయినది. పశువు ముట్టనిది పెంటకుప్పకు చేరి, ఏడు తిరుగులోపల ఎరువై చేనికి పోయెడిది. జాలారినుండి వెలుపలికి పోవునది నీరు మాత్రమే. అదియు అరటిచెట్టు మొదటికి. నాటివారందరు జ్ఞానులని చెప్పుట నా యభిప్రాయము కాదు. ఆ పెరటిలో దోమలుండెను, ఊళ్లలో కలరాయు నుండెను. అయినను నీటిని వేరుగను, ఆహారశేషమును వేరుగను చూచు నలవాటు చేతులకు పట్టియుండెను. బర్రె పోయినది, కుండ పోయినది. కుండలో పోయుచుండినది మాత్రము ఎక్కడికిని పోలేదు. అది నేడు సింకులో పడుచున్నది.

వానిలో మొదట నిలుపవలసినది నూనె. వేడిగా నున్నంతసేపు అది నీరువలె పారును. గొట్టములో నాలుగడుగులు పోవునప్పటికి చల్లబడి లోపలిగోడకు పట్టుకొనును. నేయి, డాల్డా, మాంసపు క్రొవ్వు త్వరగా గడ్డకట్టును. పల్లీనూనె గడ్డకట్టకున్నను జిగురై నిలిచి, వెనుక వచ్చు మెతుకును పిప్పిని పట్టియుంచును. నీటిలో సున్నపుపాలు ఎక్కువగా నున్నచోట క్రొవ్వు దానితో గూడి సబ్బువంటి గట్టిపదార్థమగును. 2017లో లండను నగరపు వైట్‌చాపెలు వీధులక్రింద నిట్టి గడ్డ యొకటి బయటపడెను. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. వేడినీళ్లు పోసితిమి గదా యని కొందరందురు. అందుచేత అడ్డు మన గోడ దాటి మరియొక బారెడు దూరమున ఏర్పడును, అంతే. మూకుడును తోమకముందే పాతకాగితముతోనో ఊకతోనో తుడిచి, ఆ తుడిచినదానిని చెత్తలో వేయుడు. మొయినాబాదు త్రోవలోని పెండ్లిమండపములవారికిని విడిదియిండ్లవారికిని వేరొక మార్గముగూడ నున్నది. వాడిన నూనెను సేకరించి బయోడీజిలు చేయించు నేర్పాటును భారత ఆహారభద్రతా ప్రాధికారసంస్థ 2018లో ఆరంభించినది. డబ్బాలలో పట్టియుంచి అట్టివారి కప్పగింపవచ్చును.

మెతుకు నానినకొలది ఉబ్బును. ఇడ్లీపిండి, దోసెపిండి అడుగున పేరుకొని పులియును. టీపొడి గొట్టపు వంపులో ఇసుకవలె కూర్చుండును. ఇవన్నియు కంటికి కనబడు దోషములు. కంటికి కనబడని దోషము పాలలో నున్నది. పాలు తెల్లనివి, పవిత్రములు. విరిగినచో తూములో పోయుట పాపమని యెవ్వరికిని తోచదు. నీటిలోని సూక్ష్మజీవులు పాలను జీర్ణించుకొనునప్పుడు నీటిలో కరిగియున్న ప్రాణవాయువును వాడుకొనును. ఒక లీటరు పాలకు అట్లు కావలసినది దాదాపు 100 గ్రాములు. మన యెండలకు శుభ్రమైన నీటిలో లీటరునకు కరిగియుండునది సుమారు 8 మిల్లిగ్రాములు. లెక్కలు నా శాస్త్రము కాదు గాని యింత భాగహారము నాకును వచ్చును: లీటరు పాలు పండ్రెండువేల లీటర్లకు పైబడిన నీటి యూపిరిని హరింపగలవు. చేపలు తేలుటకును, కుంటలు నల్లబడి కంపుకొట్టుటకును ఇట్టివన్నియు చేరి కారణమగుచున్నవి. కుళ్లినదాని సారము తిని గుర్రపుడెక్క బలియును. విరిగిన పాలను వడగట్టి వంటకు వాడుకొనవచ్చును. పులిసిన మజ్జిగను కరివేపచెట్టు మొదట పోయుట మన యిల్లాండ్ర కెవ్వరును నేర్పనక్కరలేదు.

పీచుగలవానిని గూర్చి త్వరగా చెప్పి ముగింతును. చింతపండు పిప్పి, మునగకాయ పిప్పి, మొక్కజొన్న పీచు, అరటిదూట నార, కొత్తిమీర కాడలు, ఉల్లిపొరలు, తోముటకు వాడు కొబ్బరిపీచు, ఇవి పేనుకొని త్రాడగును. గ్రుడ్డుపెంకులు, ఎముకలు, చింతగింజలు చెప్పనేల?

అమెరికాలోని మన పిల్లల యిండ్లకు పోయివచ్చినవారు అచట సింకుక్రింద నుండు మరను చూచి ముచ్చటపడి, ఇక్కడి విల్లాలలో పెట్టించుకొన జూచుచున్నారు. దానిని 1927లో, అనగా హిమాయత్‌సాగరు పూర్తియైన యేటనే, విస్కాన్సిను రాష్ట్రపు రెసీను పట్టణమున జాన్ హామ్స్ అనునతడు కల్పించెను. ఆ దేశముననే న్యూయార్కు నగరము తనలోని చాల భాగమున 1997 వరకు దానిని ఒప్పలేదు. మర తొక్కను మెత్తన చేయును గాని లేకుండ చేయదు. సెప్టికుట్యాంకున్న యింట దానిని బిగించుట, ట్యాంకును త్వరగా నింపుటకు జీతమిచ్చి యొకనిని నియమించుకొనుటవంటిది.

ఆ ట్యాంకులో జరుగునది వినుడు. తేలికయైన క్రొవ్వు పైన తెట్టెగట్టును. బరువైనది అడుగున మడ్డియగును. నడిమి నీరు వెలుపలికి పోవును. తెట్టెయు మడ్డియు పెరిగి పెరిగి నడిమి చోటును మ్రింగివేసినచో, క్రొవ్వు ఇంకుడుగుంతకు పోయి మట్టి రంధ్రములను మూయును. నీరు ఇంటివైపు తిరుగును. అప్పు డెవ్వడో యొక బీదవాడు పిలువబడును. మూత తీసి దిగినవానికి లోపల హైడ్రోజను సల్ఫైడు, మీథేను ఎదురగును. కొన్ని శ్వాసలలో వాడు పడిపోవచ్చును. వానిని తీయబోయి దిగిన రెండవవాడును లేవకపోవచ్చును. ఇట్లు మనుష్యుని రక్షణలేకుండ దింపుటను 2013వ సంవత్సరపు చట్టము నేరముగా చేసినది. పీల్చుబండిని పిలువవలెను, ఎంత తొందరయైనను మనిషిని దింపరాదు. నేను మూకుడు తుడువుమని యింతసేపు ప్రాధేయపడుట యిందు కొరకే. నీటిమాట యటుండ, ఆ మూతయొద్ద నిలిచిన మనిషి మన పళ్లెములోని క్రొవ్వునకు దిగుచున్నాడు.

పెండ్లివారికి ఇంకొక మాట. మిగిలిన అన్నమును గుట్టగా పారబోసినచో పశువులు వచ్చి తినుననియు, పుణ్యమనియు భావింతురు. ఒక్కసారిగా మితిమీరి అన్నము తిన్న పశువు కడుపులో ఆమ్లము పెరిగి ప్రాణము మీదికి వచ్చును. పెట్టదలచినచో కొద్దిగా, గడ్డితో కలిపి పెట్టుడు.

ఇంటివారు చేయవలసినది పెద్దపని కాదు. సింకు రంధ్రమునకు జాలి యొకటి. ప్రక్కన మూతగల డబ్బా యొకటి. 2016నాటి నియమములు తడిచెత్తను వేరుగా నుంచుమన్నవి; బండివానికి అట్లే యీయవచ్చును. పెరడున్నవారు మోకాలిలోతు గోతిలో తొక్కలు వేసి, వేసినప్పుడెల్ల వానిపై ఎండుటాకులో, నరికిన జొన్నచొప్పయో కప్పుడు; ఈగ వాలదు. వానకాలమున పైన ఒక రేకు అడ్డము పెట్టవలెను. కొన్ని మాసములకు అది నల్లబడి, మట్టివాసన మాత్రమే వచ్చును. కుళ్లువాసన వచ్చినచో తడి యెక్కువైనదని యెరిగి, మరియొక గంపెడు ఎండుటాకులు కలిపి తిరుగబోయుడు.