కసాతియెల్లో: ఉపవాసం ముగించే రొట్టె

ఇవాళ ఇటలీలోని నేపుల్స్ నగరానికి వెళదాం. అక్కడ ఈస్టర్‌కి ఇంటింటా ఒక ఉప్పు రొట్టె చేస్తారండి. పేరు కసాతియెల్లో. నేపుల్స్ వాళ్ళ భాషలో ‘కాసో’ అంటే చీజ్. పేరు అందులోంచే వచ్చింది.

ముందు అది ఎలా ఉంటుందో చెబుతాను. మన గారెలాగా మధ్యలో చిల్లు ఉంటుంది, కాకపోతే పెద్ద గిన్నెంత రొట్టె. పైన నాలుగైదు కోడిగుడ్లు పెంకుతో సహా సగం వరకు పిండిలో కూరుకుని కనిపిస్తాయి. ఒక్కో గుడ్డు మీద రెండు పిండి పట్టీలు, సిలువ ఆకారంలో. ఆ గుండ్రటి ఆకారం యేసుక్రీస్తు ముళ్ళ కిరీటానికి గుర్తు అంటారు. గుడ్డేమో కొత్త జీవానికి గుర్తు.

ఇది మా ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు మా అమ్మ ఒక ప్రశ్న వేసింది. “పండగ రొట్టె అంటే తియ్యగా ఉండాలి గదా, ఇందులో ఇంత కొవ్వు, మాంసం, మిరియాలు ఏమిట్రా?” అని. మంచి ప్రశ్న. దానికి జవాబు రొట్టెలో లేదు, దాని ముందు గడిచిన నలభై రోజుల్లో ఉంది.

మన క్రైస్తవ కుటుంబాల్లో శ్రమల దినాలు అంటాం చూడండి, అవే. పాతకాలంలో క్యాథలిక్కులు ఆ రోజుల్లో మాంసమే కాదు, గుడ్లు, పాలు, చీజ్, జంతువుల కొవ్వు ఏవీ ముట్టేవాళ్ళు కాదు. మనుషులు ఉపవాసం ఉన్నారని కోళ్ళు గుడ్లు పెట్టడం మానవు కదా! ఇంట్లో గుడ్లు పోగుపడేవి. చలికాలంలో చేసిన సలామి, పంది కొవ్వు, చీజ్ అటకమీదే ఉండేవి. పండగ రాగానే వాటన్నిటినీ ఒకే పిండిలో పెట్టేశారు. అంటే, ఇన్నాళ్ళూ వద్దనుకున్నవాటి జాబితా ఈ రొట్టె.

ఇది నిన్నమొన్నటిది కూడా కాదు. జంబత్తిస్త బసీలే అనే నేపుల్స్ రచయిత రాసిన కథల పుస్తకం 1634-36 మధ్య వచ్చింది. అందులో సిండ్రెల్లా కథ ఉంది. రాజుగారి విందులో వడ్డించిన వాటిలో కసాతియెల్లో పేరు కూడా కనిపిస్తుంది.

ఇక చేసే పద్ధతి. మైదా 600 గ్రాములు, గోరువెచ్చని నీళ్ళు సుమారు 350 మిల్లీలీటర్లు, ఈస్ట్, ఉప్పు, పంది కొవ్వు 150 గ్రాములు, దంచిన మిరియాలు బాగా ఎక్కువగా. పిండి కలిపి రెట్టింపు అయ్యేదాకా ఉంచాలి. తర్వాత చాపలా పరిచి, పైన కొవ్వు పూసి, సలామి ముక్కలు, పెకోరినో అనే గొర్రెపాల చీజ్ ముక్కలు చల్లి, చాప చుట్టినట్టు చుట్టి, చిల్లు ఉన్న గిన్నెలో గుండ్రంగా పెట్టాలి. కడిగిన పచ్చి గుడ్లు పైన గుచ్చి, సిలువలు వేసి, మళ్ళీ పొంగనివ్వాలి. తర్వాత 170-180 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు. రొట్టె కాలేలోపు గుడ్లు వాటంతటవే ఉడికిపోతాయి. గుడ్లు ఉడికించి ముక్కలుగా లోపల పెడితే దాన్ని తోర్తానో అంటారు.

ఇక్కడే నేను తప్పు చేశానండి. రెండోసారి పొంగనివ్వడానికి ఓపిక లేక ముప్పావుగంటలో ఓవెన్‌లో పెట్టేశాను. పైన ఎర్రగా కాలింది, లోపల పచ్చిపిండి. అందరం పై పొర, గుడ్లు తిని ఊరుకున్నాం. కొవ్వు, చీజ్ బరువుకి ఈ పిండి నెమ్మదిగా లేస్తుంది. అందుకే అక్కడివాళ్ళు చాలామంది గుడ్ ఫ్రైడే నాడు పిండి కలిపి, రాత్రంతా ఉంచి, శనివారం కాలుస్తారు. ఉపవాసంలో చివరి రాత్రి కూడా పిండి కోసం ఆగాలన్నమాట.

పంది కొవ్వు తినని ఇళ్ళున్నాయి. వెన్న, చికెన్ సలామితో చేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా చేసుకోండి. రుచిగానే ఉంటుంది. అయితే అది కసాతియెల్లో అని మాత్రం అనకండి, దాన్ని చూసి చేసిన రొట్టె అనండి. ఏది మార్చినా పర్వాలేదు, ఆ రెండో పొంగు మాత్రం తగ్గించకండి.

ఈస్టర్ మర్నాడు సోమవారం నేపుల్స్ వాళ్ళు మిగిలిన ముక్కలు మూటగట్టుకుని వనభోజనాలకి వెళతారు. మర్నాటికి ఇంకా రుచి వస్తుంది. మీరూ కొంచెం దాచిపెట్టి చూడండి.