మూట మనది, లాభం వాళ్లది



గంజాయి చెడ్డదని మీకు నేను చెప్పక్కర్లేదు. మన పిల్లల్ని ముఠాలు ఎలా పడతాయి, పట్టాక ఎందుకు వదలవు, అది చెప్తాను.

పాడేరు, చింతపల్లి, పెదబయలు వైపు సంతలకి వచ్చే ముఠావాడు మొదటిరోజే గంజాయి మాట ఎత్తడు. చదువు ఆగిపోయి ఖాళీగా తిరిగే కుర్రాడిని, ఇంట్లో జబ్బో అప్పో ఉన్నవాడిని వెతుక్కుంటాడు. తమ్ముడూ అని పిలుస్తాడు. టీ తాగిస్తాడు, బండికి పెట్రోలు కొట్టిస్తాడు, ఫోన్ కొనిస్తాడు. "డబ్బులు తర్వాత ఇద్దువులే" అంటాడు. గాలం అదే.

తర్వాత చిన్న పని చెప్తాడు. "నువ్వు బండి మీద ముందు పో. చెక్‌పోస్టు దగ్గర పోలీసులుంటే ఫోన్ చెయ్, అంతే." దీన్నే పైలట్ అంటారు. మూట ముట్టుకోలేదు కదా, తప్పేముంది అనిపిస్తుంది. కానీ సాయం చేసినా, కుట్రలో ఉన్నా చట్టంలో అదే శిక్ష.

ఆ తర్వాత "ఇంట్లో చెప్పకు" అంటాడు. అక్కడితో పిల్లాడు అమ్మానాన్నలకి, స్నేహితులకి దూరమవుతాడు. ఇక మానేస్తానంటే పాత బాకీ తీస్తాడు, "నీ పేరు పోలీసులకి చెప్తా" అంటాడు. నిన్నటి అన్న ఇవాళ యజమాని.

1985 నాటి మత్తు పదార్థాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు జైలు. లక్షకి తగ్గని జరిమానా. బెయిలు రావడం చాలా కష్టం. పెట్టుబడి పెట్టినవాడు దూరంగా ఏ నగరంలోనో ఉంటాడు. దొరికేది మోసినవాడే. చెడ్డపేరు మాత్రం మొత్తం ఆదివాసులకి.

మరి ఏం చేద్దాం? ఇంట్లో చెప్పొద్దన్న పని ఏదైనా సరే, ఆ రోజే ఇంట్లో చెప్పండి. ఇప్పటికే ఇరుక్కున్నవాడిని వెలివేయకండి. వెలివేస్తే వాడికి ముఠా తప్ప దిక్కుండదు. గంజాయి పనికి ఇచ్చిన అడ్వాన్సు చట్టం ముందు అప్పే కాదు, బెదిరిస్తే గ్రామసభలో పెట్టండి. కేసు పడితే తెల్లకాగితం మీద సంతకం చేయకండి. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలి. 15100కి ఫోన్ చేయండి.

ప్రభుత్వాన్ని కూడా అడుగుదాం. మా కాఫీకి, మిరియాలకి, పసుపుకి దళారీ లేని ధర ఇవ్వండి, చదివిన పిల్లలకి ఇక్కడే పని చూపించండి. దాడులు మోసేవాడి మీదే కాదు, మోయించేవాడి మీద కూడా చేయండి.

జై ఆదివాసీ!