మర్యాద వేరు, ఉదారత వేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ బడిలో చదువుకుని, తరువాత 30 ఏళ్ళకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. "మన ప్రాంతం గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నారు కార్యదర్శి గారు. మనలో మనం తరచూ అనుకునే మాట ఒకటుంది, దాని గురించే చెబుతాను.

మనవాళ్ళు నలుగురు కలిస్తే "గోదావరి వాళ్ళవి విశాలమైన మనసులండీ" అనుకుంటాం. అమెరికా నుంచి వచ్చిన మిత్రుడు "అక్కడున్న స్వేచ్ఛ ఇక్కడేదీ?" అంటాడు. హైదరాబాదులో స్థిరపడినవారు "పల్లెటూళ్ళు ఇంకా మారలేదు" అంటారు. ఇలా ఊళ్ళకూ దేశాలకూ మార్కులు వేసేస్తుంటాం. మార్కులు వేయడం నా వృత్తి కాబట్టి ఒక సంగతి చెప్పగలను. లెక్కల్లో 90, తెలుగులో 35 వచ్చిన పిల్లవాణ్ణి చూపించి "వీడు తెలివైనవాడా, కాదా?" అంటే ఒక్క మాటలో జవాబు లేదు. ఏ సబ్జెక్టులో అని అడగాలి. దేశాల సంగతీ అంతే.

ముందు ఓటు సంగతి చూద్దాం. ఆడవాళ్ళకు ఓటు హక్కు న్యూజిలాండ్‌లో 1893లో వచ్చింది. అమెరికాలో దేశమంతటికీ 1920లో వచ్చింది. బ్రిటన్‌లో 1918లో కొందరికి, మగవాళ్ళతో సమానంగా 1928లో వచ్చింది. విప్లవాల దేశం ఫ్రాన్స్‌లో 1944 దాకా లేదు. స్విట్జర్లాండ్‌లో జాతీయ ఎన్నికల్లో ఓటు 1971లో గాని రాలేదు. అక్కడ ఒక చిన్న రాష్ట్రంలో స్థానిక వ్యవహారాల్లో ఓటు కోసం 1990లో కోర్టు తీర్పు కావలసి వచ్చింది. మన మద్రాసు రాజధానిలో 1921లోనే ఆస్తి ఉన్న ఆడవాళ్ళకు ఓటు ఇచ్చారు. 1951-52 ఎన్నికల్లో చదువు రాని మన అమ్మమ్మలు కూడా వరుసలో నిలబడి ఓటేశారు. ఈ సబ్జెక్టులో స్విట్జర్లాండ్ కన్నా మనమే ముందు.

పెళ్ళి సంగతికి వద్దాం. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు పెళ్ళి చేసుకోకూడదని 1967 దాకా అమెరికాలో 16 రాష్ట్రాల్లో చట్టం ఉండేది. ఆ ఏడు వాళ్ళ సుప్రీంకోర్టు కొట్టేసింది. మనకు కులం, మతం అడ్డు లేకుండా పెళ్ళి చేసుకునే ప్రత్యేక వివాహ చట్టం 1954లోనే వచ్చింది. అయితే ఆ చట్టం కింద 30 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా పెడతారు. పెద్దలకు తెలియకుండా పెళ్ళి చేసుకోవాలనుకునే జంటకు ఆ 30 రోజులు ఎలా గడుస్తాయో నేను చెప్పనక్కర్లేదు. చట్టంలో మనం ముందున్నాం. వీధిలో కూడా ముందున్నామా అన్నది వేరే పరీక్ష.

గర్భస్రావం విషయంలో మన చట్టం 1971 నాటిది. అమెరికాలో 1973లో కోర్టు ద్వారా వచ్చిన హక్కును 2022లో అదే కోర్టు తీసేసింది. అంటే వచ్చిన మార్కులు పోవడం కూడా ఉంటుంది. స్వలింగ సంబంధం నేరం కాదని ఇంగ్లండు 1967లో అంటే మన సుప్రీంకోర్టు 2018లో అంది. అలాంటి జంటల పెళ్ళిని నెదర్లాండ్స్ 2001లో, అమెరికా మొత్తం 2015లో ఒప్పుకున్నాయి. మన దగ్గర 2023లో సుప్రీంకోర్టు అది చట్టసభల పని అని వదిలేసింది. ఇక్కడ మనం వెనకబెంచీ.

ఇక ఇంటికొద్దాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ అలాంటి పెళ్ళి చెల్లుతుందన్న చట్టం 1856లోనే వచ్చింది. మన ఊళ్ళో అది ఒక ఇంటి గుమ్మం దాటడానికి 25 ఏళ్ళు పట్టింది. ఖర్చుకు కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు నిలబడ్డారు. పెళ్ళి జరిగాక పంతులు గారిని, ఆయన వెంట ఉన్నవాళ్ళను వెలివేశారు. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గారే బిందె పట్టుకున్నారు. మరి ఆనాటి రాజమండ్రి ఉదారమైన ఊరా, కాదా? పెళ్ళి చేసినవాళ్ళూ రాజమండ్రి వాళ్ళే, వెలివేసినవాళ్ళూ రాజమండ్రి వాళ్ళే. ఇవాళ మనమందరం విగ్రహానికి దండ వేసి, పంతులు గారి పక్షాన ఉన్నట్టే మాట్లాడతాం. ఆ రోజు మన ఇంటి పెద్దలు ఏ పక్షాన ఉన్నారో ఎవరమూ వాకబు చేయం.

తరువాతి కాలం చూడండి. తెల్లదొరతనం వద్దంటూ గరిమెళ్ళ సత్యనారాయణ గారు పాట కట్టి జైలుకు వెళ్ళారు. ఆ పాట మన జిల్లాల్లో మారుమోగింది. రాజమండ్రికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న గారు అదే ఒరవడిలో, నల్లదొరతనం కూడా మాకొద్దని రాశారు. మొదటి పాట మనందరికీ నోటికొచ్చు. రెండో పాట ఎంతమందికి తెలుసు? తనకు పైవాణ్ణి స్వేచ్ఛ అడిగినవాడే తనకు కింద అనుకున్నవాడికి దాన్ని ఇవ్వగలడా అన్నదే ధర్మన్న గారి ప్రశ్న.

ఆ ప్రశ్న పాతబడిందని అనుకోవద్దు. కోనసీమ నుంచి ఎన్నికైన జి.ఎం.సి. బాలయోగి గారు 1998లో లోక్‌సభకు మొదటి దళిత స్పీకరయ్యారు. ఆ కోనసీమలోనే 2022 మే 24న, కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టవద్దని మొదలైన ఆందోళనలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అల్లూరి పేరు, అన్నమయ్య పేరు పెట్టిన జిల్లాల్లో ఇళ్ళు తగలబడలేదు. ఆ పేరే జిల్లాకు నిలిచింది. కొబ్బరాకు నీడన అందరం ఒక్కటేనన్న మాట మాత్రం ఆ రోజు నిలవలేదు.

మరొక సబ్జెక్టు ఆస్తి. తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించదన్నారు. దేశమంతటికీ 2005లో వచ్చింది. సుమారు 20 ఏళ్ళు ముందున్నాం, సంతోషం. కానీ పంపకాల రోజున అక్కచెల్లెళ్ళ చేత "నాకు అక్కర్లేదు" అని సంతకం పెట్టించుకుని, చీర పెట్టి, భోజనం పెట్టి, బండెక్కించే ఇళ్ళు ఈ సభలో ఎవరికీ కొత్త కాదు.

మర్యాద వేరు, ఉదారత వేరు అని నేననేది అందుకే. వచ్చినవాడికి పూతరేకులు పెట్టి, పనసపొట్టు కూర వడ్డించి, మళ్ళీ పులసల రోజుల్లో రమ్మనడం మర్యాద. అందులో మనకు లోటు లేదండి, ఆయ్! కానీ మర్యాద మన చేతిలో ఉంటుంది, పెడతాం, మానేస్తాం. హక్కు అవతలి మనిషిది, మన ఇష్టంతో పని లేదు. నాకు నచ్చని విధంగా బతికేవాడికి, నాకు నచ్చని పేరు పెట్టుకునేవాడికి కూడా నాకున్నంత హక్కు ఉందని ఒప్పుకోవడమే ఉదారత.

విమానమెక్కితే ఇది మారిపోతుందా? 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ దేశంలో ఒక నగరం ఇలా చేయడం అదే మొదలు. దాన్ని కోరినవాళ్ళలోనూ, వద్దన్నవాళ్ళలోనూ భారతీయులున్నారు. ఆవకాయ జాడీతో పాటు మన పెట్టెల్లో ఇంకేం వెళ్ళిందో ఆలోచించుకోవాలి. కాబట్టి ఏ దేశం ఉదారమైనదని వాదించుకునేటప్పుడు, "ఎవరికి? ఏ విషయంలో?" అని మనం మొదట అడగాలి.

ఆ ప్రశ్న మన బడికి కూడా వేద్దాం. ఈ 50 ఏళ్ళలో ఇంజనీర్లయినవాళ్ళ పేర్లు, డాక్టర్లయినవాళ్ళ పేర్లు మనకు కంఠతా వచ్చు. పేట నుంచి వచ్చి, ఇక్కడ మొదట పదో తరగతి పాసైన ఆడపిల్ల ఎవరు? ఎవరైనా చెప్పగలరా? అడ్మిషన్ రిజిస్టర్లు ఆఫీసు గది బీరువాలో ఉన్నాయి. దాతల పేర్లు చెక్కించబోయే రాతిపలక మీద ఆ పిల్ల పేరుకు కూడా చోటు ఉంచమని సంఘాన్ని కోరుతున్నాను. ఆమె ఎక్కడున్నా పిలిపించి, అడిగి, ఒప్పుకుంటేనే చెక్కిద్దాం.