అడగని బిడ్డ
(శతాబ్ది ఉత్సవముల స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠము)



గుంటూరు పట్టణములోని పసిపిల్లల తిండిని గురించి నాలుగు మాటలు చెప్పుదుము. 1883లో ఈ పట్టణమునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో ఇక్కడ స్త్రీల ఆసుపత్రి తెరచిరి. నాటి నుండి వైద్యము ఎంతో పెరిగినది. బజారులో బియ్యము, పప్పులు, పాలు, గ్రుడ్లు దేనికిని కొదువ లేదు. అయినను 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 31 మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదు. ఆరు నెలలు దాటిన పసివారిలో నూటికి 63 మందికి రక్తహీనత గలదు. బజారులోనున్న తిండి బిడ్డ ఒంటికి ఎందుకు చేరుట లేదు?

అడుగనిదే అమ్మయినను పెట్టదని సామెత. కాని రక్తము తక్కువైన బిడ్డకు ఆకలి మందగించును. ఆడదు, అల్లరి చేయదు, ఒక మూల కూర్చుండును. చూచినవారు "ఎంత బుద్ధిమంతుడమ్మా!" అందురు. ఏడ్చి అడిగిన బిడ్డకు ముద్ద దొరకును. అడగని బిడ్డకే దాని అవసరము ఎక్కువ.

మిరపకాయల తొడిమలు తీయుటకు తెల్లవారకముందే పోవు తల్లులు ఈ ఊరిలో అనేకులు. వారికి ప్రేమ తక్కువ కాదు, తీరిక తక్కువ. బిడ్డ ఎనిమిదేండ్ల అక్క చంకలో ఉండును. అక్క చేతి అయిదు రూపాయలకు వీధికొట్టులో చిప్సు పొట్లము వచ్చును. అది ఆకలి చంపును గాని బలమీయదు. ఏడాది బిడ్డ పొట్ట చిన్నది. తల్లిపాలతోపాటు మెత్తని పప్పన్నము, కాస్త నూనె, ఆకుకూర, గ్రుడ్డు రోజుకు మూడు నాలుగుసార్లు ఓపికగా తినిపించు చేయి కావలెను. అంగన్‌వాడీలో మూడేండ్లు నిండిన పిల్లలకు వండి పెట్టుదురు. అంతకు చిన్నవారి వంతు ఇంటికిత్తురు. ఇంట తినిపించువారు లేకున్న అది బిడ్డ నోటి దాకా పోదు.

తిన్నదానిని దోచుకొనునది చెడ్డనీరు. 2018 మార్చిలో ఈ ఊరనే త్రాగునీటిలో మురుగు కలిసి అతిసారము ప్రబలగా పలువురు మరణించిరి. విరేచనములు పట్టిన బిడ్డకు తిండి మాన్పించుట వాడుకగా నున్నది. అది ప్రమాదము. పాలు, తిండి మానరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లము వెంటనే దొరకకున్న, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టవలెను. జింకు మందు 14 దినములు ఈయవలెను. మలములో నెత్తురు పడినను, కండ్లు లోతుకు పోయినను, బిడ్డ త్రాగలేకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

అడగని బిడ్డ తరఫున అడుగునది ఒకటున్నది. అది అంగన్‌వాడీలోని తూకపు పట్టిక. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము మనకిచ్చిన మంచి సాధనమది. ఒక నెలకు మరియొక నెలకు గీత పైకి పోకున్నచో, బిడ్డ నోరు తెరచి అడిగినట్లే యెంచవలెను.

మేము కోరునది పెద్దది కాదు. మిర్చి పని జోరుగా సాగు నెలలలో మన సంఘపు హాలు పగలంతయు తెరచియుంచుడి. మూత పెట్టిన మంచినీటి బిందె, చేతులు కడుగుకొనుటకు సబ్బు, ఒక పొయ్యి, ఓపిక గల ఇద్దరు అవ్వలు ఉన్న చాలును. తల్లులు తెచ్చి యిచ్చిన గ్రుడ్డును, పప్పును అక్కడనే వండి వేళకు తినిపింపవచ్చును. ఆదివారము నిండియుండు హాలు తక్కిన ఆరు దినములు తాళము వేసి యున్నది. రేపటి కమిటీలో మొదట ఈ సంగతి ఆలోచింపవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.