వెట్టివాని భాష

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల పెద్దలకు పెద్దమంగళారమును గూర్చి నేను చెప్పనక్కరలేదు. 1890లో ఆ యూర జన్మించిన కొండా వెంకటరంగారెడ్డిగారి పేరనే 1978లో మన జిల్లా వెలసినది. వారు నిజాము రాజ్యమునందలి ఆంధ్రమహాసభకు రెండుమారులు, 1936లో షాదునగరమందును, 1943లో హైదరాబాదునందును, అధ్యక్షులైరి.

ఆ సభ యొక యవమానమునుండి పుట్టినది. 1921 నవంబరులో హైదరాబాదున కార్వేపండితుని యధ్యక్షతన సంఘసంస్కారసభ జరుగుచుండెను. ఇతర భాషలలోని ప్రసంగములను ఓపికతో వినినవారే, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ లేచినంతనే అల్లరిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే కొలదిమంది కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. 1930లో జోగిపేటయందు అది మహాసభగా కూడెను.

అయితే నొక చిక్కు గలదు. దేశముఖు మాటాడునదియు తెలుగే; అతనికి వెట్టిచేయువాడు మాటాడునదియు తెలుగే. కుమ్మరి వెల లేక కుండలియ్యవలెను, చర్మకారుడు ఊరకయే చెప్పులు కుట్టవలెను, అధికారి వచ్చినచో సాకలి నీళ్లు మోయవలెను. వారిని తిట్టినదియు తెలుగుననే కదా! భాషకు జరిగిన యవమానమునకు కోపగించిన సభ, ఆ భాషలోనే నిత్యము జరుగు నవమానమును గూర్చి యేమనవలెను? వెట్టి కూడదని తీర్మానములు చేసిరి. తీర్మానములు చాలవనువారి బలము 1941 చిలుకూరు సభనాటికి పెరిగెను. ఇది మన బాలాజీ చిలుకూరు గాదు, నల్లగొండ సీమలోనిది. మనవారు పొరబడుట కద్దు. 1944లో భువనగిరియందు సభ్యత్వరుసుము అణాకు తగ్గెను, మితవాదులు వేరుపడిరి. రంగారెడ్డిగారు మితవాదులలోనివారే. మన ప్రాంతపు పెద్ద యని దానిని దాచుట న్యాయము గాదు. నా మట్టుకు, ఆ అణాయే సభను పూరిగుడిసె దనుక తెచ్చినదని తోచును.

ఇట్టి చిక్కే పడమటి ఆఫ్రికాలోని మారిటేనియాయందు నొక చిన్న ప్రతిపక్షమునకు గలిగినది. అది 1960లో ఫ్రెంచివారి పాలననుండి విడివడిన ఎడారిదేశము. అందు అరబ్బీ మాటాడువారేగాక ఫులానీ, సోనింకె, వొలోఫ్ భాషలవారును గలరు. అరబ్బులందరు నొక్కజాతి యను బాత్ సిద్ధాంతమువారు 2004లో అచట సవాబ్ పార్టీని స్థాపించిరి. సవాబ్ అనగా సరియైనది; మన ఉర్దూవారు పుణ్యమునకు వాడు సవాబు వేరుమాట.

ఆ దేశమున బానిసల సంతతివారగు హరాతీనులు గలరు. వారి నోటను అరబ్బీయే, వారి యజమానుల నోటను అరబ్బీయే. బానిసత్వము 1981లో రద్దయ్యెను గాని, దానిని నేరముగా నెంచు శాసనము 2007 దనుక రాలేదు. దానిపై పోరాడు బిరామ్ దాహ్ అబీద్ గారి యుద్యమమునకు పార్టీగా గుర్తింపు దొరకలేదు. 2018లో సవాబ్ వారు వారితో పొత్తు కుదుర్చుకొనిరి. అరబ్బు పెద్దల యాధిపత్యమును దూషించినవారే అరబ్బు జాతీయవాదుల జాబితాపై నిలిచిరి! ఒకరికి ఓట్లు కావలెను, ఒకరికి గుర్తింపు కావలెను, అంతియే యని కొందరందురు. కావచ్చును. అయినను, బిరామ్ గారు చెరలో నుండగనే శాసనసభకు ఎన్నికైరి. పార్టీకి మూడు స్థానములు వచ్చెను. మరుసటి సంవత్సరపు అధ్యక్ష ఎన్నికలో వారు రెండవ స్థానమున నిలిచిరి.